రెండు కుర్చీల వరండా

గురువారం పొద్దున కాఫీ పొంగకముందే లమారా ఒక నిర్ణయానికి వచ్చేసింది. శనివారం, ఆదివారం గరిటె పట్టకూడదు. ముప్ఫై ఏళ్ళుగా బాలవాడిలో తొంభై మంది పిల్లలకు వండి, ఇంటికొచ్చి మళ్ళీ ఇంట్లోవాళ్ళకు వండి, పండగొస్తే ఆడపడుచు వాళ్ళకు, ఎవరైనా పోతే వీధి వీధికీ వండిన మనిషి ఆవిడ. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు గుమ్మడికాయలై కూర్చుంటాయి. యాభై ఎనిమిదేళ్ళకు రెండు రోజులు కూర్చోవాలనుకోవడం మరీ అంత అత్యాశేమీ కాదు.

పైగా ఎతేరి వచ్చి ఉంది. ఇద్దరూ బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఒకరికి దెబ్బలు పడితే ఇంకొకరు ఏడ్చేవారు. మొగుడు పోయాక ఎతేరి ఇటలీలో బారీ అనే ఊరికి పోయి, ఆరేళ్ళుగా అక్కడొక ముసలావిడకు సేవ చేస్తోంది. ఇప్పుడు పన్నెండు రోజుల సెలవు మీద వచ్చింది. వచ్చే మంగళవారం విమానం. దిగిన రోజే లమారాను పక్కకు లాగి, "నీతో ఒక మాట చెప్పాలే. నిలబడి కాదు, పదిమందిలో కాదు. ఎక్కడైనా కూర్చుని," అంది. ఆ మాట చెప్పడానికి వారం రోజులుగా చోటు దొరకలేదు. రోజుకో చుట్టం ఇంట్లో విందు. విందులో పక్కపక్కన కూర్చున్నా మాట్లాడుకునే వీలుంటుందా? ఎవరి పేరు మీదో తాగుదామని ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుని లేచి నిలబడి ఉంటారాయె.

అందుకని లమారా తూర్పున కాఖేతి సీమలో, కొండ మీది సిగ్నాగీ ఊళ్ళో, ఒక గది చూసింది. ద్రాక్షతోటల వైపు వరండా ఉంది. వంట ఇంటావిడే చేసి పెడుతుంది. "వరండాలో రెండే కుర్చీలు పడతాయమ్మా, ఫరవాలేదా?" అని ఆవిడ ఫోనులో మొహమాటపడితే, "మాకు అదే కావాలి," అంది లమారా.

ఆ సంగతే భర్త గురామ్‌కు చెప్పింది. గురామ్ మెట్రో రైళ్ళలో కరెంటు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. మంచివాడు. ఎవరినీ కాదనలేడు. ఆయనకున్న జబ్బల్లా అదే.

"చూడు గురామ్. శనివారం పొద్దున్నే బయల్దేరతాం. నువ్వు, నేను, ఎతేరి. ముగ్గురమే. విందు లేదు, చుట్టాలు లేరు. అర్థమైందా?"

"ముగ్గురమే," అన్నాడు గురామ్. "కుర్చీలు రెండే అన్నావు?"

"నువ్వు కిందకెళ్ళి చదరంగం ఆడుకో."

"అలాగే," అని రొట్టె తేవడానికి సంచీ పట్టుకుని వెళ్ళాడు.

మట్టిపొయ్యి దగ్గర రొట్టెల కోసం నిలబడి ఉండగా ఆయన అక్క జుజూనా ఊరి నుంచి ఫోను చేసింది. జుజూనాది కాఖేతిలోనే, గుర్జానీ పక్కన పల్లె. మొగుడు నోదార్‌కు నాలుగు ఎకరాల ద్రాక్షతోట, నేలలో పాతిన నిలువెత్తు ద్రాక్షసారా జాడీలు, మెడ మీద తలకంటే పైన ఉండే పరువు ఉన్నాయి. "ఏంట్రా విశేషాలు?" అని ఆవిడ అడిగితే, చెప్పడానికి ఇంకేమీ లేక గురామ్ ఉన్న విశేషం చెప్పేశాడు.

అవతల ఏదో గిన్నె దబ్బున కింద పెట్టిన చప్పుడైంది.

"అంటే," అంది జుజూనా, "మా ఇంటి ముందునుంచే పోయి, పరాయివాళ్ళ ఇంట్లో మంచం అద్దెకు తీసుకుంటారన్నమాట. మేము చచ్చామా?"

"అయ్యో అక్కా, అది కాదు…"

"మీ బావకు చెప్తాను. ఈ వారమే మా కోత. చెప్పి, ద్రాక్షతోపాటు నేను కూడా జాడీలో దూకుతాను."

గురామ్ వెనక జనం రొట్టెల కోసం నెడుతున్నారు. "అబ్బే, మేం వస్తోంది మీ ఇంటికే అక్కా! ఆ గది ఊరికే, సామాన్లు పెట్టుకోవడానికి. కోతకే వస్తున్నాం. అసలు, విందులో బావే తమదాగా ఉండాలని నేను ముందే అనుకున్నాను," అనేశాడు.

తమదా అంటే విందు బల్లకు పెద్ద. ఎవరి పేరు మీద తాగాలో, ఎవరు మాట్లాడాలో, ఎవరు లేవచ్చో ఆయనే చెప్పాలి. ఒక బల్లకు ఒకడే. ఆ పెద్దరికం ఇస్తామని చెప్పి మళ్ళీ వెనక్కి తీసుకోవడమంటే, పెళ్ళి బట్టలు తొడుక్కుని వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేయడం. కాఖేతిలో ఇలాంటి విషయం మీద ఇరవై ఏళ్ళు మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు.

"అలా చెప్పు మరి!" అంది జుజూనా. గొంతులో తేనె వచ్చింది.

గురామ్ ఇంటికొచ్చి ఊరికి వెళ్ళే సంగతి చెప్పాడు. తమదా సంగతి మాత్రం చెప్పలేదు. ఒక పూటకు ఒక చెడువార్త చాలనుకున్నాడేమో.

లమారా గ్యాసు పొయ్యి కట్టేసి కుర్చీలో కూలబడింది. "కోతా? నేను విశ్రాంతికి పోతూ ద్రాక్ష కోయాలా?"

"నాలుగు గుత్తులు కోసినట్టు నటిస్తే చాలే."

"మీ అక్క ముందు నటనా? పోయినసారి నేను కూర్చుంటే, గంపే తెచ్చి ఒళ్ళో పెట్టింది."

"అక్కడా వరండా ఉందిగా."

"అక్కడ పదహారు కుర్చీలున్నాయి గురామ్."

లమారా సిగ్నాగీ ఆవిడకు ఫోను చేసి గది వద్దని చెప్పింది. ఆవిడ మాత్రం, "ఫరవాలేదమ్మా, కుర్చీలు ఎక్కడికీ పోవు," అంది.

అప్పుడు బండి సంగతి వచ్చింది. గురామ్ కారుకు వెనక్కి వెళ్ళే గేరు పోయి రెండు నెలలైంది. ఎక్కడికెళ్ళినా వెనక్కి తిప్పాల్సిన అవసరం రాకుండా చూసుకుని ఆగుతున్నాడు. ఊళ్ళోకి సరేగాని, కొండదారిలో ఎదురుగా గొర్రెలమంద వస్తే ఏం చేస్తారు? కాబట్టి లమారా తమ ఐదో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు దిగి వాజా తలుపు తట్టింది.

వాజాకు పదహారు మంది పట్టే వ్యాను ఉంది. పదిహేనేళ్ళు ఊళ్ళ మధ్య మనుషుల్ని తిప్పాడు. మీసాలు, ఉంగరం, గంభీరమైన గొంతు. ఆ భవనంలో ఎవరింట్లో విందు బల్ల వేసినా తననే తమదాగా పిలుస్తారని ఆశపడేవాడు. ఎవరూ పిలిచేవారు కాదు. ఆయన మొదలుపెడితే మాంసం చల్లారిపోతుందని అందరికీ భయం. ఎనిమిదేళ్ళ క్రితం సొంత తమ్ముడి కూతురి పెళ్ళిలోనే ఆయన్ని పక్కనపెట్టి, పళ్ళ డాక్టరును తమదా చేశారు. ఆనాటి నుంచి వాజా ఒక్క పన్నూ చూపించుకోలేదు.

"తీసుకెళ్తాను చెల్లెమ్మా, అదెంత పని!" అన్నాడు వాజా. "డబ్బు మాట ఎత్తావంటే మాత్రం మన మధ్య ఇక పొరుగుతనం లేదు."

"ఊరికే ఎలా తీసుకెళ్ళమంటాను అన్నయ్యా…"

"ఎత్తావు చూడు!"

లమారాకు ఎటూ తోచలేదు. ఊరికే సాయం తీసుకుంటే నిద్ర పట్టదు. డబ్బిస్తే ఆయనకు నిద్ర పట్టదు. ఎదురుగా ఆ మీసాలు, ఆ ఖాళీ చేతులు కనబడ్డాయి. అంతే, నోరు జారింది. "అయితే మా బల్లకు నువ్వే తమదాగా ఉండాలి."

వాజా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి చూసి, "ఏమే, నా నల్లకోటు ఇస్త్రీ చెయ్యి," అని కేకేశాడు. కోటు ఎవరి పెళ్ళికీ తీయడం లేదని బెంగపడుతున్న పెళ్ళాం పరుగెత్తుకొచ్చి లమారాను ముద్దు పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున ఎతేరి ఇటలీ కాఫీ పొట్లం పట్టుకుని వచ్చింది. లమారా బాలవాడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. నిజంగానే కూర్చున్నారు. ఎతేరి గొంతు సవరించుకుంది.

"లమారా, ఆ మాట ఏంటంటే…"

గంట మోగింది. వాజా నల్లకోటులో నిలబడి ఉన్నాడు. "చెల్లెమ్మా, తమదా అన్నాక పాట ఉండాలిగా. పాటకు మూడు గొంతులు కావాలి. మా బావమరుదులు ఇద్దరికి చెప్పాను. మంద్రం పాడేవాడు మాత్రం పెళ్ళాం లేనిదే కదలడు. పిల్లలు ఇద్దరే."

గురామ్ అప్పుడే స్నానాలగదిలోంచి తువ్వాలుతో వచ్చాడు. "తమదా ఎవరు?" అన్నాడు.

"నేనే," అన్నాడు వాజా.

గురామ్ మళ్ళీ స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

వాజా వెళ్ళాక ఆ గడియ తీయించడానికి లమారాకు పావుగంట పట్టింది. నిజం బయటపడ్డాక ఆవిడ అరవలేదు. అరవడానికి ఓపిక ఉండాలి కదా. "ఒక బల్ల, ఇద్దరు తమదాలు," అంది నెమ్మదిగా. "ఏం చేద్దాం?"

"మా బావకు ఫోను చేస్తాను. వాజా అతిథి. అతిథికి ఇవ్వడం మర్యాదే కదా. బావ అర్థం చేసుకుంటాడు."

ఫోను చేశాడు. నోదార్ అర్థం చేసుకున్నాడు. "అలాగే బావమరిదీ. అతిథి దేవుడిచ్చిన వాడు. నాదేముంది?" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే గురామ్ మొహం తెల్లబోయింది. పది నిమిషాలకు జుజూనా చేసింది. "ఏమన్నావురా మీ బావను? జాడీల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అన్నం వద్దన్నాడు. కోత కత్తులన్నీ నూరి గోడకు వేలాడదీశాడు!"

"అబ్బెబ్బే, నేను సరదాకన్నాను అక్కా! బావే తమదా. బావ కాక ఇంకెవరు?"

లమారా మూడో అంతస్తుకు దిగింది. వాజా కూడా అర్థం చేసుకున్నాడు. "నేనేమన్నా చిన్నపిల్లవాణ్ణా చెల్లెమ్మా? ఇంటి యజమాని ఉండగా నాకెందుకు?" అని కోటు విప్పి, మడత పెట్టి, పెట్టెలో పెట్టి, పెట్టె మంచం కిందకు తోశాడు. వెనక పెళ్ళాం అద్దం వైపు చేయి చూపించింది. అద్దం అంచుకు చిన్న చిన్న చీటీలు గుచ్చి ఉన్నాయి. భూమి పేరు మీద, తల్లుల పేరు మీద, పోయినవాళ్ళ పేరు మీద, వరసగా ఏం మాట్లాడాలో అన్నీ రాసుకున్నాడు పాపం.

"నువ్వే అన్నయ్యా," అంది లమారా. "నువ్వే తమదా. నేనడిగింది ఊరికే."

మధ్యాహ్నానికి వాజాకూ నోదార్‌కూ ఒకరి సంగతి ఒకరికి తెలిసింది. ఇద్దరూ తామే అసలువాళ్ళమని నమ్మారు. రెండోవాడు రేపు బల్ల దగ్గర తెలుసుకుంటాడులే అనుకున్నారు. తెలుసుకునే వేళకు తన వైపు సాక్షులుండాలని వాజా, బావమరుదులు కాక తమ్ముణ్ణి, తమ్ముడి అల్లుణ్ణి కూడా పెళ్ళాలతో సహా రమ్మన్నాడు. నోదార్ పక్కిళ్ళ రెండు జంటలకూ, ఒకప్పటి బడిపంతులుకూ చెప్పాడు. ముగ్గురి ప్రయాణం ఇరవై ఒక్కరి విందైంది. వాళ్ళలో రొట్టెలు చేసేవాళ్ళెవరని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

పిండి తడపడానికి పెద్ద బేసిను దించారు. జున్ను తురుముతూ ఎతేరి మళ్ళీ మొదలుపెట్టింది. "ఆ మాట ఏంటంటే లమారా…"

గంట మోగింది. వాజా పెళ్ళాం ఉప్పు అడగడానికి వచ్చింది. తర్వాత ఫోను. తర్వాత మళ్ళీ గంట. పద్దెనిమిది జున్ను రొట్టెలు పొయ్యిలోంచి బయటకొచ్చేసరికి చీకటి పడింది. ఎతేరి గోడకు చేరబడి, "బారీలో ముసలావిడకైనా మధ్యాహ్నం కాసేపు నిద్ర పట్టేదే," అంది.

"రేపు దారిలో చెప్దువుగానిలే," అంది లమారా. తన మాట మీద తనకే నమ్మకం కుదరలేదు.

శనివారం పొద్దున ఏడింటికి భవనం కింద రెండు బళ్ళు ఉన్నాయి. ఒకటి వాజా వ్యాను. రెండోది నోదార్ పాత జీపు. తన ఇంటికి వచ్చే చుట్టాల్ని ఎవడో వ్యానులో తెస్తే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలని, చీకటితోనే లేచి నూరు కిలోమీటర్లు వచ్చేశాడు. ఇద్దరూ పెద్దమనుషుల్లా చేతులు కలుపుకున్నారు.

"ఆడవాళ్ళు నా బండిలో ఎక్కుతారు," అన్నాడు నోదార్. "వాళ్ళకు సుఖంగా ఉంటుంది."

"వాళ్ళ ఇష్టం," అన్నాడు వాజా. "నా వ్యానులో ముందు సీటు దుమ్ము దులిపి ఉంచాను. ఎక్కకపోతే నేనేమీ అనుకోను."

"నేను మాత్రం అనుకుంటానా?"

రొట్టెల బుట్టలు వ్యానులో పెట్టారు. లమారా ఒక కాలు ఎత్తి, ఏ బండి వైపు వేయాలో తెలియక మళ్ళీ దించి, "గ్యాసు కట్టేశానో లేదో," అంది. నిజంగానే అనుమానం వచ్చిందో, కాలు పెట్టడానికి భయపడిందో ఆవిడకే తెలియదు. "నేనూ వస్తా," అని ఎతేరి వెంట నడిచింది.

గ్యాసు కట్టేసే ఉంది. కిందకు వచ్చేటప్పుడు లిఫ్టు, నాలుగుకూ మూడుకూ మధ్య, ఎప్పటిలాగే, ఆగిపోయింది.

"అరవనా?" అంది ఎతేరి.

"ఇందులో ఫోనూ పలకదు. అరిస్తే ఎవరు వినాలి? వినేవాళ్ళందరూ వ్యానులో ఉన్నారు."

కింద వాజా వాచీ చూసుకున్నాడు. ఆడవాళ్ళు కనబడలేదు. జీపు వైపు చూశాడు. జీపు కిటికీలకు దుమ్ము. ఓహో, అందులో ఎక్కేశారన్నమాట అనుకున్నాడు. అడిగితే అవమానం. నోదార్ వ్యాను వైపు చూశాడు. వ్యాను నిండా జనం. అలాగా, అందులో ఎక్కేశారన్నమాట అనుకున్నాడు. అడిగితే ఇంకా అవమానం. గురామ్ రెండు పక్షాలకూ చెడకూడదని వ్యాను చివరి సీట్లో రొట్టెల వెనక దాక్కుని ఉన్నాడు. పెళ్ళాం ఏ బండి ఎక్కిందో తెలిస్తే తను ఏదో ఒక పక్షం అవ్వాల్సి వస్తుందని తలెత్తి చూడలేదు. నోదార్ బండి తీశాడు. వాజా వెనకే తీశాడు. మొదటి మలుపులోనే దాటేశాడు.

ఇరవై నిమిషాలకు లిఫ్టు దానంతట అదే మనసు మార్చుకుని కదిలింది. ఇద్దరూ వచ్చి ఖాళీ వాకిట్లో నిలబడ్డారు. ఒక పిల్లి, వ్యాను కార్చిన నూనె మరక తప్ప ఏమీ లేదు.

లమారా ఫోను మోగింది. గురామ్. "దారిలో పుచ్చకాయలు కొంటున్నారు," అన్నాడు గుసగుసగా. "నువ్వు ఆ బండిలో బాగానే ఉన్నావా? కాళ్ళు చాపుకోవడానికి చోటుందా?"

లమారా ఎతేరిని చూసింది. ఎతేరి లమారాను చూసింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో లమారా మొగుడితో అబద్ధమాడింది రెండుసార్లు. రెండూ కొన్న బట్టల సంగతులే.

"ఉంది," అంది. "చాలా చోటుంది."

ఫోను కట్టేసి ఇద్దరూ మెట్లెక్కి పైకి వెళ్ళారు. లిఫ్టును మళ్ళీ నమ్మడం దేనికి?

వంటగది కుర్చీలు రెండూ బాల్కనీలోకి లాగారు. రెండే పట్టాయి. కింద ఇంటి షాల్వా తాత బతికుండగా నాటిన నల్లద్రాక్ష తీగ ఐదో అంతస్తు దాకా పాకి, కటకటాలకు చుట్టుకుని ఉంది. ప్రతి శరత్తులోనూ పళ్ళు రాలి ఆరేసిన దుప్పట్లకు మరకలు చేస్తుందని లమారా దాన్ని తిట్టని ఏడాది లేదు. చిన్న గుత్తులు, కాస్త పులుపు. ఎతేరి చేయి చాపి ఒకటి తెంపింది. ఎదురు భవనంలో ఎవరో ఎర్ర దుప్పటి ఆరేశారు. గాలికి కొండలా ఉబ్బుతోంది.

పదిన్నరకు గురామ్ మళ్ళీ చేశాడు. ఈసారి గుసగుస లేదు.

"నువ్వెక్కడున్నావు!"

"ఇంట్లో. లిఫ్టు ఆగింది."

"చంపావు పో! వస్తున్నా, ఇప్పుడే వస్తున్నా…"

"ఎవరు తీసుకొస్తారు?"

తీసుకొచ్చేవాళ్ళెవరూ లేరు. గేటు దగ్గరే నోదార్ ఎద్దుకొమ్ము నిండా ద్రాక్షసారా పోసిచ్చి ఆహ్వానం చెప్పాడు. వాజా ఊరుకుంటాడా? ఇంకో కొమ్ముతో బదులు చెప్పాడు. దానికి నోదార్ బదులు చెప్పాడు. బండి నడపగలిగినవాడు ఆ ఇంట్లో ఒక్కడూ మిగల్లేదు.

"బస్సులో వస్తాను," అన్నాడు గురామ్.

"బల్ల వేశారా?"

"వేశారు. కూర్చున్నాం."

"అయితే లేవడానికి తమదాను అడిగావా?"

"బావను అడిగాను. లేవమన్నాడు. వాజా, తన మాట పూర్తికాకుండా ఎవరూ లేవకూడదన్నాడు. వాజా సరేనంటే, బావ కూర్చోమన్నాడు." గురామ్ గొంతు ఏడుపులోకి దిగింది. "లమారా, నేను తప్పుకోలేను. ఇద్దరూ ఒకేసారి ఔనంటే తప్ప లేవడానికి లేదు. అంతదాకా నిలబడి తాగాలి, కూర్చుని వినాలి. ఉండు, ఉండు, ఇప్పుడు నీ పేరు మీదే ఎత్తుతున్నారు."

ఫోను బల్ల మీద పెట్టినట్టున్నాడు. నోదార్ గొంతు వినబడింది. "ఈ బల్ల దగ్గర లేని మా లమారా పేరు మీద! ఆ చేతులు! ఆ చేతి రొట్టె తిన్నవాడికి తల్లి గుర్తురాకపోతే వాడు తల్లికి పుట్టలేదు!"

"చేతుల సంగతి నోదార్ గారు చెప్పారు," అన్నాడు వాజా. "ఆ గుండె సంగతి ఎవరు చెప్తారు? ఎనిమిదేళ్ళుగా మూసి ఉన్న పెట్టె ఒకటి నా మంచం కింద ఉంది. దాన్ని తెరిపించింది ఎవరు?"

"చేతుల సంగతి నాదింకా అవ్వలేదు!"

ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. జుజూనానే. "ఒక్కనాడు కూర్చోలేదు మా మరదలు! ఒక్కనాడు!"

ఎతేరి నోరు తెరిచింది. "ఒసే, నువ్వు పోయావనుకుంటున్నారేమోనే వీళ్ళు!"

"అనుకోనీ," అంది లమారా, కళ్ళు తుడుచుకుంటూ. "బతికుండగా వినడం ఎంతమందికి దొరుకుతుంది?"

నలభై నిమిషాలు విన్నారు. చేతుల నుంచి గుండెకు, గుండె నుంచి పూర్వీకులకు వెళ్ళాక, లమారా ఫోనును పిండిడబ్బాలో పెట్టి మూత వేసింది.

ఎతేరి ఇటలీ కాఫీ పెట్టింది. మధ్యాహ్నం తినడానికి నిన్నటి రొట్టె, టమాటాలు, ఒక మాడిన జున్ను రొట్టె ఉన్నాయి. ఎవరూ గంట కొట్టలేదు. కొట్టేవాళ్ళందరూ గుర్జానీ పక్క పల్లెలో బల్ల దగ్గర బందీలై ఉన్నారు. ఎతేరి అలవాటు కొద్దీ తలుపు వైపు చూసి, ఇక తప్పదన్నట్టు చెప్పింది.

"ముసలావిడ ఆగస్టులో పోయిందే. నీకు చెప్పలేదు. వాళ్ళ చెల్లెలు ఉంది, తొంభై ఒకటి. మంగళవారం నుంచి ఆవిడ దగ్గరికి రమ్మన్నారు. సరే అన్నాను. నాకు వెళ్ళాలని లేదు. మా పిల్ల చదువు అయిపోయింది, ఉద్యోగం చేసుకుంటోంది. ఎందుకు వెళ్తున్నానో నాకే తెలియదు. 'రాను' అనడం నాకు వాళ్ళ భాషలో రాదే."

"మన భాషలో వచ్చా?"

"నీకు వచ్చా?"

లమారా ఆలోచించింది. గురామ్‌కు రాదు, తనకు రాదు, వాజాకు రాదు, నోదార్‌కు రాదు. అంతమందికీ రాకపోబట్టే ముగ్గురు ఇరవై ఒక్కరయ్యారు.

"మా బాలవాడి వంటింట్లో రెండో మనిషిని వెయ్యమని మూడేళ్ళుగా చెవిలో పోరుతున్నాను," అంది ద్రాక్షపండు తొక్క ఊస్తూ. "ఎవరూ నిలబడరు. తొంభై మంది ఉంటారు. గంజి మాడితే మొహం మీదే చెప్తారు. రాక్షసులు. మధ్యాహ్నం వాళ్ళందరూ పడుకున్నాక మాత్రం ఒక గంట కూర్చోవచ్చు. కుర్చీలు చిన్నవి, పిల్లలవి. అయినా రెండున్నాయి."

ఎతేరి లేచి ఇంకోసారి కాఫీ పెట్టింది. ఆ రెండు రోజులూ వాళ్ళిద్దరూ బాల్కనీలోంచి లేచింది నిద్రకు, కాఫీకి.

ఆదివారం సాయంత్రం వ్యాను తిరిగొచ్చింది. వాజా పొద్దుటి నుంచి పుల్లటి మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదట. గొంతు పూర్తిగా పోయింది. వెనక జీపులో నోదార్ ఉన్నాడు, ఆయన గొంతూ పోయింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని, కొత్తగా అన్నదమ్ములమయ్యామని చేతులతోనే చెప్పారు. బల్లకు ఇద్దరు తమదాలు ఉంటే ఎంత బాగుంటుందో జనానికి ఇన్నాళ్ళూ తెలియలేదట. ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు తింటాడు కదా. వచ్చే ఏడు కూడా అలాగే చేయాలని తీర్మానించేసుకున్నారు.

గురామ్‌ను ఇద్దరు పట్టుకుని పైకి తెచ్చారు. ఆదివారం పగలు పదిహేను గంపలు ద్రాక్ష కోశాడు. కొమ్మల నిప్పు మీద మాంసం కాల్చాడు. గ్లాసు లేచినప్పుడల్లా లేచి నిలబడ్డాడు. లేచింది నూట పదిసార్లు. కాళ్ళు గుమ్మడికాయలయ్యాయి, బూట్లు ఊడి రాలేదు. లమారా ముక్కాలిపీట తెచ్చి ఆ కాళ్ళు దాని మీద పెట్టి చూసింది. అచ్చం తనవే.

"నువ్వు రాలేదుగానీ లమారా," అన్నాడు గురామ్ బొంగురు గొంతుతో, కళ్ళు మూతలు పడుతుండగా, "మనిషికి ఇలాంటి రెండు రోజుల విశ్రాంతి ఉండాలి. వచ్చే ఏడు నువ్వూ రా."

ఆ మాట అని బూట్లతోనే మంచమెక్కిన మనిషి మళ్ళీ కిందకు కాలు పెట్టింది మంగళవారం మధ్యాహ్నమే. అప్పటికి బారీ విమానం ఒక సీటు ఖాళీగా వెళ్ళిపోయింది.